వాకిట రెండు ప్రశ్నలు

శింశుపావృక్షము క్రింద కూర్చున్న సీతకు, కొమ్మలమాటునుండి దిగివచ్చి రాముని దూతనని చెప్పుకొన్న వానరుని చూచినప్పుడు కలిగిన సంతోషము వెనువెంటనే సంశయమైనది. సన్న్యాసివేషమున వచ్చి తన్ను అపహరించినవాడే మఱియొక రూపమున వచ్చియుండరాదా యని శంకించుట, పది మాసములు పరాయి కోటలో చెఱయున్న స్త్రీకి సహజమే కాదు, ఉచితము కూడ. హనుమంతుడు ఆ శంకను ఒట్లు పెట్టి పోగొట్టజూడలేదు. రాముని అంగలక్షణములను వర్ణించెను, సుగ్రీవునితో మైత్రి కలిగిన తీరు వినిపించెను, ఆ పిమ్మటనే రామనామాంకితమైన ఉంగరమును చేతికిచ్చెను. తిరిగి వెళ్లిన యీ దూతను రాముడు సైతము ఏమి ఆనవాలని అడుగునని యెఱిగిన సీత, చూడామణి నొక్కదానినే యిచ్చి తృప్తిపడక, చిత్రకూటమున జరిగిన కాకాసురుని వృత్తాంతమును, తామిరువురు దక్క అన్యు లెఱుగనిదానిని, చెప్పి పంపెను. వస్తు వొకటి, రహస్య మొకటి. నేడు బ్యాంకు యంత్రము కార్డును లోన పెట్టుమని, పిదప పిన్ను నొక్కుమని అడుగునప్పుడు అడుగుచున్నవి ఈ రెండే.

వస్తువు మాత్రమే గుర్తైనచో ఏమగునో కాళిదాసు చూపినాడు. శచీతీర్థమున ఉంగరము జాఱిపోగా శకుంతల నిండుసభలో పరాయి స్త్రీయైనది. అదే యుంగరము చేపకడుపున దొరకిన జాలరి రక్షకభటులకు దొంగయై చిక్కినాడు. ఉంగరము లేని భార్య భార్య కాకపోవుట, ఉంగరమున్న నిరపరాధి నేరస్థుడగుట, ఒకే లోపమునకు రెండు ముఖములు. సాఫ్ట్‌వేరువారు 'బేరర్ టోకెన్' అని పిలుచుదానికి, అనగా ఎవని చేతనుండిన వాడే యజమానియని నమ్మెడి గుర్తునకు, నేటికిని ఈ రెండు ముఖములు నున్నవి. దుర్వాసుని శాపమును కల్పించి కవి దుష్యంతుని పరువు కాపాడెను గాని, మనిషిని విడిచి గుర్తును మాత్రమే నమ్మెడి కొలువులకు శాప మక్కఱలేదు.

నేను బ్రదుకుదెరువునకు చేయుపని, సందేశములను ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు నడపుట. వేదాంతగ్రంథములు రాత్రివేళల చదువుకొనుటయే గాని అందు నాకు గురుముఖమైన పాండిత్యము లేదు. ఐనను పగటి పనియు రాత్రి చదువును ఒకదానితో నొకటి మాటలాడుకొనుట మొదలిడి చాల కాలమైనది. ఆ సంభాషణమును వ్రాసికొనుటయే ఈ వ్యాసము.

2007లో వెలువడిన అపాచీ కేమెల్ అను ఉచిత సాఫ్ట్‌వేరు మా పనిముట్లలో నొకటి. ఒంటె పేరు పెట్టినవారి యూహ యేదైనను, బిడారు నడపు జంతువు పేరు దీనికి చక్కగా నప్పినది. ఇచ్చటినుండి బయలుదేఱి అచ్చటికి చేరుమని మేము ఒక దారి వ్రాసెదము. దారి నడుమ సందేశము వేషము మార్చుకొనును, రెండుగా చీలును, ఒకచోట ఆగి తన వంతు వచ్చువఱకు వేచియుండును. దారిలో ఒక వాకిలి కట్టి, స్ప్రింగ్ సెక్యూరిటీ అను మఱియొక సాఫ్ట్‌వేరును దౌవారికునిగా నిలుపవచ్చును. ఆ దౌవారికు డడుగు ప్రశ్నలు రెండు. నీవెవరవు? ఈ పనికి నీ వర్హుడవా? మొదటిదానిని ఆథెంటికేషన్ అనియు రెండవదానిని ఆథరైజేషన్ అనియు అందురు. ఇంగ్లీషున రెండుమాటలును ఒకే పలుకుతో ఆరంభమగుటవలన క్రొత్తగా పనిలో చేరిన పిల్లలు మొదటి ఆరునెలలు ఒకదానికి బదులొకటి వాడుచుందురు. తెలుగున మొదటిది ఆనవాలు, రెండవది అధికారము. మనకు తడబాటు మాటలలో లేదు, బ్రదుకులో నున్నది.

రెండవ ప్రశ్నకు ఉత్తరము తేల్చుటకు ఆ దౌవారికుని పాత పద్ధతిలో ఒక చిన్న సభ కూడును. సభ్యులు ఒక్కొక్కరు అనుకూలమైనచో 1, ప్రతికూలమైనచో మైనస్ 1, తమ కిందు ప్రసక్తి లేదనుకొనినచో 0 అని చెప్పుదురు. ఒక్కరు ఔనన్న చాలునా, ఎక్కువమంది అనవలెనా, కాదనువా రొక్కరును ఉండరాదా యనునది వాకిలి కట్టినవాడు ముందే నిర్ణయింపవలెను. అందఱును 0 అని మిన్నకుండినయెడల, వేఱుగ చెప్పియుంచనిచో, తలుపు తెఱువబడదు. మౌనము అంగీకారమను లోకోక్తి యచ్చట చెల్లదు.

సందేశమునకు ఎంత అధికారముండవలెనను విచారము కంప్యూటరుతో పుట్టినది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున దూతలను మూడు తెగలు చేసినాడు: అమాత్యునికి కావలసిన గుణములన్నియు నిండుగా కలవాడు నిసృష్టార్థుడు, అతడు సందర్భమునుబట్టి తానే సంధి కుదుర్చుకొని రావచ్చును, ఆ గుణములలో పాతిక తక్కువైనవాడు పరిమితార్థుడు, చెప్పిన హద్దు దాటరాదు, సగము తక్కువైనవాడు శాసనహరుడు, ఇచ్చిన మాటను మోసికొనిపోవుటయే అతని పని. ఉద్యోగపర్వమున కృష్ణుడు మొదటి తెగకు చెందినచో, దుర్యోధనుని దుర్భాషలను అక్షరము పొల్లుపోకుండ పాండవులయెదుట అప్పగించిన ఉలూకుడు మూడవ తెగవాడు. హనుమంతుని ఏ తెగలో చేర్చవలెనో నాకెన్నడును తేలలేదు. వెదకి రమ్మని పంపబడినవాడు వనము విఱిచెను, ఊరు కాల్చెను, కాల్చినపిదప సీతయు కాలెనేమోయని వగచెను. మా పనిలో ఐనచో అట్టి ప్రోగ్రామును ఆ రాత్రియే నిలిపివేసి మఱునాడు విచారణ జరిపెడివారము. మేము కోరుకొనునది శాసనహరుని. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అను నిద్దరు శాస్త్రజ్ఞులు ప్రతి ప్రోగ్రామును తన పనికి కావలసినంత కనీసాధికారముతోనే నడువవలెనని సూత్రీకరించిన నాటినుండి ఈ వృత్తిలో అది వేదవాక్యముగ నున్నది.

వేదవాక్యమను మాట వచ్చినది గనుక మీమాంసకుల సంగతి చెప్పవలెను. అధికారమను మాటను మనకు నిర్వచించి యిచ్చినవారు వారే. జైమిని సూత్రములలో ఆఱవ అధ్యాయమంతయు, ఏ కర్మమునకు ఎవడు అధికారి యను విచారమే. ఫలమును కోరువాడు, చేయ సమర్థుడు, తద్విషయమున తెలివి కలవాడు, శాస్త్రముచేత నిషేధింపబడనివాడు అధికారి యగును. వారి దృష్టిలో అధికారము మనుష్యుని అంటిపెట్టుకొన్న గొప్పతనము కాదు. ఒక కర్మకును ఒక కర్తకును నడుమ విధివాక్యము కలిపెడి సంబంధము. కర్మ లేనిచో అధికారమే లేదు. సోమయాగమున పదునాఱుగురు ఋత్విజు లుందురు. హోత చేయవలసినది అధ్వర్యుడు చేయరాదు, ఉద్గాత పాడవలసినది హోత పాడరాదు, బ్రహ్మ యనువాడు మౌనముగ కూర్చుండి తప్పు జరిగినపుడు మాత్రమే సవరించును. వరణముతో ఆ పదవులు వారిని చేరును, యాగము ముగియగానే విడిచిపోవును.

1992లో ఫెరాయోలో, కూన్ అను అమెరికా ప్రభుత్వ ప్రమాణసంస్థలోని ఇరువురు, 1996లో రవి సంధూయు ఆయన సహచరులును ప్రతిపాదించిన రోల్ పద్ధతిని మొదటిసారి చదివినపుడు నాకు స్ఫురించినది ఆ ఋత్విజులే. అంతకుమునుపు యంత్రములో ఫలానా మనిషికి ఫలానా ఫైలును చదువుటకు అనుమతియని, పేరు పేరునకు జాబితాలు వ్రాసెడివారు. మనిషి మారినపుడెల్ల జాబితాలన్నియు దిద్దవలసి వచ్చెడిది. వీరు నడుమ 'రోల్' అను ఒక పాత్రను నిలిపిరి. అనుమతులు పాత్రకు చెందును, మనిషి ఆ పాత్రను ధరించును, పని ముగిసిన వెంటనే విడుచును. ఒక మనిషికి అయిదు పాత్రలున్నను పూటకు కావలసిన ఒకటి రెండింటినే ధరింపవచ్చును. చెక్కు వ్రాయు పాత్రయు చెక్కుపై సంతకము చేయు పాత్రయు ఒక్కనికే యుండరాదని కట్టడి చేయవచ్చును. 2004లో ఇది అమెరికాలో జాతీయప్రమాణమైనది. పాత్ర యను మాట నాటకమునుండి వచ్చినది గదా. వేషము తీసిన పిదప కూడ రాజునే యనుకొనెడి నటుని చూచి లోకము నవ్వును.

మీమాంసకుల అధికరణములలో నన్ను మిక్కిలి ఆకర్షించినది నిషాదస్థపతి విచారము. రుద్రదేవతాకమైన ఒక ఇష్టిని నిషాదస్థపతిచేత చేయింపవలెనని వేదవాక్యమొకటి కలదు. స్థపతి యనగా నాయకుడు. సంశయమేమన, ఈ సమాసమును ఎట్లు విడదీయవలెను? నిషాదులకు నాయకుడు అని షష్ఠీతత్పురుషముగ చెప్పినచో, ఆ నాయకుడు త్రైవర్ణికుడే కావచ్చును, ఉపనయనమైనవాడే కావచ్చును, కావున ఏ చిక్కును లేదు. నిషాదుడే యైన నాయకుడు అని కర్మధారయముగ చెప్పినచో, వేదాధ్యయనాధికారము లేదని ఆ శాస్త్రమే చెప్పిన నిషాదుడు వేదమంత్రములతో యాగము చేయవలసి వచ్చును. అతనికి మంత్రము నేర్పువాడెవడు, అగ్ని యెక్కడిది? అలవాటును, సౌకర్యమును, సంఘమర్యాదను చూచువాడు మొదటిదానినే కోరుకొనును. పూర్వపక్షమదియే. సిద్ధాంతి మాత్రము, షష్ఠీతత్పురుషమున లేని సంబంధార్థమును లక్షణచేత తెచ్చుకొనవలసియుండగా కర్మధారయమున రెండు పదములును ఉన్నయర్థమునే చెప్పుచున్నవి గనుక, లాఘవమువలన నిషాదుడే అధికారియని తేల్చినాడు. వ్యాకరణన్యాయమునకు తలయొగ్గి ఒక కట్టుదిట్టమైన శాస్త్రము తన తలుపును తానే తెఱచిన ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల నాకు ఆ పండితులపై గౌరవము కలుగుచుండును. వర్షర్తువున అగ్న్యాధానము చేయుమని విధింపబడిన రథకారుని విషయమునను వారిట్లే, రథకారుడనగా రథము చేయు త్రైవర్ణికుడని యౌగికార్థము లాగక, ఆ పేర ప్రసిద్ధమైన జాతివాడేయని ఒప్పుకొనిరి.

తెఱచిన తలుపు ఎంత మేరకు తెఱచిరో కూడ చెప్పవలెను. నిషాదుడు నేర్చుకొనవలసినది ఆ యిష్టికి కావలసిన మంత్రములు మాత్రమే, అగ్ని లౌకికాగ్ని. ఒక్క కర్మకు, ఒక్క కొలతలో, అక్షరమైనను మిగులకుండ. కనీసాధికారమనెడి మా సూత్రము ఇంతకన్న శుద్ధముగ అమలైన తావు నేనెఱుగను.

ఇక ఉత్తరమీమాంసకు వచ్చిన, బ్రహ్మసూత్రముల మొదటి అధ్యాయమున మూడవ పాదములో ఐదు సూత్రములు బ్రహ్మవిద్యయందు శూద్రునకు అధికారము లేదని స్థాపించుటకే వినియోగపడినవి. ఛాందోగ్యమున రైక్వుడు, గోవులను హారమును రథమును తెచ్చిన జానశ్రుతిని శూద్రా యని పిలిచి కూడ సంవర్గవిద్యను ఉపదేశించినాడు. మాట స్పష్టముగ నున్నది. ఆ స్పష్టత తమ సిద్ధాంతమునకు అడ్డుతగులగా భాష్యకారులు ఆ పదమును శోకార్థకమైన ధాతువునకు ముడివెట్టి, హంసల మాటలు విని శోకముతో పరుగెత్తివచ్చినవాడు గనుక అట్లు పిలువబడెనని సర్దిరి. రథకారుని విషయమున రూఢ్యర్థమును పట్టుకొని తలుపు తెఱచిన శాస్త్రపరంపర, జానశ్రుతి విషయమున రూఢ్యర్థమును విడిచి తలుపు మూసినది. రెండుచోట్లను వ్యాకరణమే సాక్షి. సాక్షిని పిలిచిన ఉద్దేశము వేఱు. శంకరులు విదుర ధర్మవ్యాధులకు పూర్వజన్మసంస్కారమున జ్ఞానము కలిగెనని ఒప్పుకొనిరి, ఇతిహాస పురాణములు నాలుగు వర్ణములవారును వినవచ్చుననిరి. ఐనను ఈ రాయితీలు ఆ యైదు సూత్రముల బరువును దింపజాలవు.

ఇందు నాకు మఱింత వింతగ తోచునది వేఱొకటి. బ్రహ్మవిద్యకు అధికారి యెవడని మొదటి సూత్రముననే విచారించుచు శంకరులు చెప్పిన లక్షణములలో జన్మప్రసక్తి లేదు: నిత్యానిత్యవస్తువివేకము, ఇహాముత్రఫలభోగవిరాగము, శమదమాదులు, ముముక్షుత్వము. ఇవి పాత్రలు కావు, గుణములు. పాత్రను మాత్రమే అడిగెడి వాకిలి మోటు పద్ధతియని, గుణమును సందర్భమును చూచి తలుపు తెఱచు పద్ధతి సూక్ష్మమని మా వృత్తివారు తరువాతి కాలమున గ్రహించిరి. శంకరులు ముందే సూక్ష్మపద్ధతిని స్థాపించి, మూడవ పాదమున మోటు పద్ధతికి దిగివచ్చిరి. గుణమును పరీక్షించుట కష్టము, పేరు చదువుట సులభము. దౌవారికు లెప్పుడును సులభమైనదానికే మొగ్గుదురు. వైకుంఠపు ఏడవ వాకిట జయవిజయులు, ఐదేండ్ల బాలురవలె దిగంబరులై వచ్చిన సనకాదులను బెత్తములతో ఆపినది ఆకారమును చూచియే గదా.

ఆ ఛాందోగ్యముననే, శిష్యునిగ చేరవచ్చిన సత్యకాముని కథలో గురువైన గౌతముడు అడిగినది ఆనవాలే. నేటికిని తెలుగునేల ఉపనయనమైన బాలుడు పెద్దలకు మ్రొక్కునపుడు ప్రవరయు గోత్రమును సూత్రమును శాఖయు పేరును వరుసగ వల్లించును; అది మొదటి ప్రశ్నకు ఉత్తరము. జబాల కొడుకైన సత్యకాముడు, తన గోత్రము తల్లికిని తెలియదని ఉన్నమాట చెప్పినాడు. ఆనవాలు లేదు. గురువు సమిధను తెమ్మనినాడు, పిదప నాలుగువందల బక్కగోవుల నిచ్చి తోలుకొని పొమ్మనినాడు. ఆ సత్యవచనమువలన గురువు అతడు శూద్రుడు కాడని నిశ్చయించెనని భాష్యము, అనగా మొదటి ప్రశ్నకే మఱియొక దారిని ఉత్తరము దొరకినదని. నాకు మాత్రము గౌతముడు మొదటి ప్రశ్నను విడిచిపెట్టి రెండవది అడిగెనని తోచును. ఇది నా పక్షపాతము కావచ్చును. ఒంటె దారులు కట్టువాని పక్షపాతము.

ఒక పాత అనుభవము చెప్పెదను. నేనప్పుడు పనిచేసిన చోట జమాఖర్చులు చూచు నొక యుద్యోగి శుక్రవారము సాయంత్రము ఐదుగంటలకు కొన్ని చెల్లింపులకు ఆమోదము పంపెను. ఆఱుగంటలకు అతనిని వేఱు శాఖకు మార్చి, ఆమోదించు పాత్రను తీసివేసిరి. సందేశములు క్యూలో నిలిచి సోమవారము ఉదయము వాకిటికి చేరెను. ప్రతి సందేశము లోపల అతని ఆనవాలును, శుక్రవారము నాటి అతని పాత్రల జాబితాయు ముడుపుకట్టి యున్నవి. గుర్తు చూడబడినదని ముద్రయు నున్నది. ముద్ర యున్నను మరల అడుగుమని దౌవారికునికి ఆజ్ఞ యీయవచ్చును గాని, ఊరక యుండిన అతడు అడుగడు. వేగము కొఱకు మేమును ఊరకయుంటిమి. చెల్లింపులన్నియు సాగిపోయినవి.

ఇది తప్పా? రెండు దినములు వాదులాడుకొంటిమి. పంపిన క్షణమున అధికారముండినది గనుక కర్మ సిద్ధమైనదని ఒక పక్షము. ఫలము పుట్టిన క్షణమున ఉండవలెనని మఱియొక పక్షము. విడిచిన బాణము లక్ష్యము చేరువఱకు ఆగదని, జ్ఞానము కలిగినను ప్రారబ్ధము అనుభవింపకతప్పదని వేదాంతులు చెప్పుదురని నేనంటిని. మా బాణము క్యూలో మూడు రాత్రులు నిదురించినదిగదాయని పిన్నవాడొకడు నవ్వెను. ఆ నవ్వునకు నావద్ద ఉత్తరము లేకపోయినది. మరల అడుగుమని ఆజ్ఞ యిచ్చితిమి. దారి కొంచెము నెమ్మదించినది, ఎవ్వరును ఫిర్యాదు చేయలేదు.

అదే పరిశీలనలో మఱియొక దోషమును కనబడినది. సందేశములో ఆనవాలు లేనపుడు, దానిని మోయుచున్న పనివాని, అనగా మేము థ్రెడ్ అను దాని, ఒంటిమీద ఏ గుర్తు తగిలించియున్నదో చూచి అదే సందేశపు గుర్తుగా దౌవారికుడు తీసికొనును. పనివాడు మునుపు మోసిన యజమాని గుర్తును విడువకుండ వచ్చినయెడల, పరాయివాని పని పాత యజమాని పేర జరిగిపోవును. ఒకదాని ధర్మమును మఱియొకదానిపై ఆరోపించుట అధ్యాసమని శంకరభాష్యము మొదటి పుటలలోనే చదివినవాడను గనుక ఈ దోషమునకు క్రొత్తపేరు వెదకుకొనలేదు. దేహమునకు తగిలిన పేరును ఆత్మకు తగిలించుకొని తిరుగు మనమందఱము, గుర్తు తుడుచుకొనని పనివారమే.

వేదాంతి యడుగు 'నీవెవరవు'కును దౌవారికు డడుగు 'నీవెవరవు'కును ఉన్న యెడము ఇక్కడనే తెలియును. దౌవారికునికి కావలసినది పేరు, రహస్యము, ఉంగరము. ఇవి యన్నియు మనిషికి తగిలించినవి, ఊడదీయదగినవి. వేదాంతి వాటిని ఒక్కటొక్కటిగ ఊడదీయుచు పోయి, ఊడదీయ వీలులేనిది ఏదైన మిగులునాయని చూచును. యంత్రమున సందేశమునుండి గుర్తును పాత్రను ముడుపును తీసివేసినపిదప మిగులునది ఏమియు లేదు. అందువలననే దానికి కనీసాధికార మిచ్చుట లోభము కాదు. పని ముగిసినపిదప పాత్రను లాగికొనిన అది చిన్నబోదు, అధికారము చాలదని త్రోసివేసిన ఇంటికి పోయి తల్లిని నా గోత్రమేదని అడుగదు.

నిషాదస్థపతి అట్టివాడు కాడు. ఒక్క యిష్టికై అతనికి మంత్రములు నేర్పినారు. నేర్చినది చిన్ననాటి పాటవలె నోటనే యుండిపోవును. సోమవారము ఉదయము తీసివేయుటకు అది జాబితాలోని పాత్ర కాదు. ఇష్టి ముగిసి, లౌకికాగ్ని చల్లారి, ఋత్విజులు దక్షిణలు పుచ్చుకొని వెళ్లిన మఱునాడు అతడు అడవికి తిరిగిపోవుచు, త్రోవలో ఒంటరిగ ఉన్నపుడు, ఆ మంత్రమును పెదవులు కదల్చి ఒక్కసారి చెప్పుకొనియుండడా? సమాసమును విడదీయుటలో అంత శ్రద్ధ చూపినవారిని ఆ త్రోవవెంట పది యడుగులు నడువుమని అడుగవలెనని నాకు అనేకపర్యాయములు తోచినది.